ఒక్కో పనికి ఒక్కో డ్రైవ్

చిరంజీవి తల్లికి,

పెదనాన్న ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. పిల్లలు కూర్చునే నాలుగు పాత కంప్యూటర్లూ వారం తిరక్కుండానే పాడవుతున్నాయనీ, సెలవు రోజంతా విండోస్ మళ్ళీ ఎక్కించటంతోనే సరిపోతోందనీ రాశావు. పాస్‌వర్డులు పెట్టి పిల్లల్ని కట్టడి చేయాలా, కాపలా కాసే సాఫ్ట్‌వేర్ ఏదైనా కొనాలా అని అడిగావు. రెండూ వద్దు. ఆ నాలుగింటిలో ఉన్న హార్డ్ డిస్కులు విప్పి పక్కన పెట్టెయ్. విప్పటం కుదరని దాంట్లో బయోస్‌లోకి, అంటే విండోస్ లేవకముందు వచ్చే కంప్యూటర్ సొంత సెట్టింగుల్లోకి, వెళ్ళి డిస్కుని ఆపెయ్. కంప్యూటర్ ఖాళీగా ఉండనీ. తను ఏ పని చేయాలో పెన్‌డ్రైవ్ పెట్టినప్పుడే దానికి తెలియాలి.

ఇదేం సలహా అనుకుంటావేమో. నేను మొదటిసారి కంప్యూటర్ ముందు కూర్చున్న రోజుల్లో పని నడిచింది ఇలాగే. మాకు దొరికిన యంత్రానికి రెండు ఫ్లాపీ డ్రైవులు తప్ప హార్డ్ డిస్క్ అన్నదే లేదు. 1981లో ఐబీఎం పీసీ బయటికి వచ్చిందీ అలాగే. నీ విండోస్‌లో ఇవాళ్టికీ డిస్కు పేరు సి అని ఎందుకుందో ఎప్పుడైనా ఆలోచించావా? ఏ, బి రెండూ ఫ్లాపీలకి పోయాయి, తర్వాత వచ్చిన హార్డ్ డిస్కుకి మిగిలింది సి.

ఆ ఫ్లాపీ అయిదుంపావు అంగుళాలది. కాగితపు కవరులోంచి అంచు పట్టుకుని తీయాలి. మధ్యలో కోలగా ఒక కిటికీ, అందులోంచి గోధుమరంగు పొర కనిపిస్తుంది, దానికి వేలు తగలకూడదు. డ్రైవులోకి తోసి మీట తిప్పి స్విచ్ వేస్తే ఎర్రలైటు వెలిగేది, గరగరమని చప్పుడు, కాసేపటికి తెరమీద ఏ అనే అక్షరం, పక్కన బాణం గుర్తు. అప్పట్లో విండోస్ చోట ఉన్న డాస్ ఎక్కేసింది. ఆ ఫ్లాపీ తీసి వర్డ్‌స్టార్ పెడితే అది ఉత్తరాలు రాసే యంత్రం. అది తీసి లెక్కల ప్రోగ్రాం పెడితే లెక్కల యంత్రం. ముందు వాడినవాడు ఏం చేసి వెళ్ళాడో మనకి అక్కర్లేదు, వాడు తన ఫ్లాపీతో పాటే వెళ్ళిపోయాడు.

ఇంకొకటి బాగా గుర్తుపెట్టుకో, నీకు చెప్పబోయేదంతా దీనిమీదే నిలబడుతుంది. ఫ్లాపీ అంచున చిన్న గాటు ఉండేది. దానిమీద స్టిక్కరు అతికిస్తే ఇక డ్రైవు ఆ ఫ్లాపీమీద ఏమీ రాయలేదు, చదవగలదంతే. మేము ప్రోగ్రాం ఫ్లాపీలన్నిటికీ స్టిక్కరు వేసి ఏ డ్రైవులో పెట్టేవాళ్ళం. మన పని దాచుకునే ఫ్లాపీకి స్టిక్కరు ఉండదు, దాని చోటు బి డ్రైవు. ప్రోగ్రాం ఒకచోట, పని ఒకచోట. ఒకటి చెడితే రెండోదానికి ఏమీ కాదు.

కష్టాలు లేవని చెప్పను. ఒక్కో ఫ్లాపీలో పట్టేది 360 కేబీ. పెద్ద ప్రోగ్రాం మూసేస్తే "కమాండ్ డాట్ కామ్ ఉన్న డిస్కు పెట్టండి" అని అడిగేది, మళ్ళీ డాస్ ఫ్లాపీ వెతుక్కోవాలి. 1984 నాటి మొదటి మ్యాకింటాష్‌కి ఉన్నది ఒకే ఒక్క డ్రైవు, ఒక ఫ్లాపీలోంచి ఇంకో ఫ్లాపీకి కాపీ చేయాలంటే తీయటం, పెట్టటం, తీయటం, పెట్టటం. ఆ బాధ పడలేకే అందరం హార్డ్ డిస్కుకి మారాం. 1983లో ఐబీఎం ఎక్స్‌టీలో 10 ఎంబీ డిస్కు వచ్చినప్పుడు ఇంత చోటు దేనితో నింపుతాం అనుకున్నాం. కానీ ప్రోగ్రామూ, దాని సెట్టింగులూ, మన పనీ అన్నీ ఒకే గంపలో పడటం మొదలైంది కూడా అప్పుడే. ఇప్పుడు నీ పిల్లల్లో ఒకడు ఏదో ఆట ఎక్కించి, తీసేసినా, దాని ముక్కలు విండోస్ తన సెట్టింగులు రాసుకునే రిజిస్ట్రీలో మిగిలిపోతాయి. యంత్రం ప్రతిదీ గుర్తుపెట్టుకుంటుంది. నీ సెలవు రోజుల్ని తినేస్తున్నది పిల్లల అల్లరి కాదమ్మా, ఆ జ్ఞాపకమే.

కార్ట్రిడ్జ్‌తో ఆడే ఆటల యంత్రాలు ఈ సంగతి ముందే పట్టుకున్నాయి. 1976లో వచ్చిన ఫెయిర్‌చైల్డ్ చానల్ ఎఫ్ అనే యంత్రాన్ని జెర్రీ లాసన్ నడిపిన బృందం తయారుచేసింది. ప్రోగ్రాం ఉన్న చిప్‌ని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, మార్చుకోవటానికి వీలుగా అమ్మిన మొదటి ఇంటి యంత్రం అదే. అందులో కాపీ చేయటం, ఇన్‌స్టాల్ చేయటం లేవు. డబ్బా గుచ్చగానే లోపలి చిప్ నేరుగా ప్రాసెసర్‌కి కలుస్తుంది, ప్రాసెసర్ అక్కడినుంచే చదువుకుంటుంది. అయిదేళ్ళ పిల్ల కూడా వాడగలిగేది, ఎందుకంటే పాడుచేయటానికి అక్కడ ఏమీ ఉండేది కాదు.

ఇక నీ పనికి వస్తాను. విండోస్ చోట వాడుకోగలిగే లైనక్స్‌లో లైవ్ సిస్టం అని ఉంటుంది, ఇన్‌స్టాల్ చేయకుండానే నడుస్తుంది. దీన్ని జనానికి బాగా అలవాటు చేసింది 2000లో క్లౌస్ క్నోపర్ తెచ్చిన క్నోపిక్స్. 700 ఎంబీ సీడీలో దాదాపు 2 జీబీ సరుకు నొక్కి పెట్టాడాయన. ఇవాళ సీడీ చోట పెన్‌డ్రైవ్ వచ్చింది, లోపలి పద్ధతి అదే. సిస్టం మొత్తం స్క్వాష్‌ఎఫ్‌ఎస్ అనే నొక్కిపెట్టిన ఒకే ఫైలులో ఉంటుంది, అది చదవటానికే తప్ప రాయటానికి లేదు. దానిమీద ర్యామ్‌తో, అంటే కరెంటు తీయగానే ఖాళీ అయ్యే జ్ఞాపకంతో, ఒక పొర పరుస్తారు. బొమ్మమీద పలచని కాగితం పరిచి గీసినట్టు పిల్లలు గీసేదంతా ఆ పొరమీదే పడుతుంది. రీస్టార్ట్ చేశావా, కాగితం పోయింది, కింద బొమ్మ చెక్కుచెదరలేదు. వాల్‌పేపర్ మార్చారా, ఐకాన్లు తీసేశారా, ఏదో ఎక్కించారా, ఏదైనా సరే స్విచ్ తీసి వేస్తే సరి.

నీ కంప్యూటర్లలో 4 జీబీ ర్యామ్ ఉంటే డెబియన్ లైవ్ గానీ మింట్ గానీ నడుస్తాయి, రెండూ లైనక్స్ రకాలే. అంతకన్నా తక్కువుంటే పప్పీ లైనక్స్ చూడు, చాలా చిన్నది, పూర్తిగా ర్యామ్‌లోకి ఎక్కేస్తుంది. ఎక్కువున్న కంప్యూటర్‌లో డెబియన్‌కి టురామ్ అనే బూట్ ఆప్షన్, అంటే లేచేటప్పుడు ఇచ్చే సూచన, ఇస్తే అదీ అలాగే ర్యామ్‌లోకి దిగుతుంది, ఆ తర్వాత పెన్‌డ్రైవ్ పీకి నీ జేబులో వేసుకున్నా పిల్లల పని ఆగదు. నాకు చాలా ఇష్టమైన సదుపాయం ఇది. ఒక్క డ్రైవుతో నాలుగు కంప్యూటర్లూ వరసగా లేపొచ్చు.

తయారుచేసేటప్పుడు మొదటిసారి అందరూ చేసే తప్పు ఐఎస్‌ఓ ఫైలుని, అంటే సిస్టం మొత్తం ఉండే, సైట్‌లోంచి దించుకున్న ఫైలుని, మామూలు ఫైలులా పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయటం. అలా చేస్తే బూట్ అవదు. రూఫస్ గానీ ఎచర్ గానీ అనే ప్రోగ్రాం వాడి ఆ ఫైలుని డ్రైవుమీద రాయించాలి. అంతకుముందు వాళ్ళ సైట్‌లో ఇచ్చిన, ఫైలు సరిగ్గా దిగిందని చూసుకునే ఎస్‌హెచ్‌ఏ256 సంఖ్యతో నీ ఫైలు సంఖ్య సరిపోయిందో లేదో చూడు. సగం దిగిన ఫైలుతో రోజంతా కుస్తీపట్టినవాళ్ళని చూశాను. రాయించేముందు మిగతా పెన్‌డ్రైవ్‌లన్నీ తీసెయ్, పొరపాటున వేరేదాన్ని ఎంచుకుంటే అందులో ఉన్నదంతా పోతుంది.

కంప్యూటర్ దేనినుంచి లేవాలో ఎంచుకునే బూట్ మెనూ కీ ఒక్కో తయారీకి ఒక్కోటి. ఎఫ్‌12 ఎక్కువచోట్ల పనిచేస్తుంది, కొన్నిటికి ఎఫ్‌9, కొన్నిటికి ఎస్కేప్. దొరికాక ఆ కీ పేరు కాగితంమీద రాసి కంప్యూటర్‌కే అతికించు. గుర్తింపు లేని సిస్టంని లేవనివ్వని కాపలా పేరు సెక్యూర్ బూట్. అది ఉన్నా డెబియన్, మింట్ నడుస్తాయి, పప్పీతో ఇబ్బంది వస్తే దాన్ని ఆపాలి.

వైఫై పాస్‌వర్డు, తెలుగు కీబోర్డు ప్రతిసారీ మళ్ళీ పెట్టాలా అని అడుగుతావు. మార్పులు గుర్తుండాలంటే పర్సిస్టెన్స్ అని ఒకటుంది, అందరూ అదే పెట్టుకోమంటారు. పూర్తిగా తెరిచిపెట్టావంటే మళ్ళీ పాత కథే, ఇన్ని తిప్పలూ పడి తప్పించుకున్న జ్ఞాపకాన్ని చేతులారా వెనక్కి తెచ్చుకున్నట్టు. డెబియన్‌లో పర్సిస్టెన్స్ రీడ్ ఓన్లీ అనే బూట్ ఆప్షన్ కూడా ఉంది. ఒక్కసారి మామూలు పర్సిస్టెన్స్‌తో బూట్ చేసి నీకు కావలసినవి అమర్చుకో, ఆ తర్వాత రీడ్ ఓన్లీ పెట్టేసెయ్. నీ అమరిక ఉంటుంది, పిల్లల మార్పులు నిలవవు. మా ఫ్లాపీమీద స్టిక్కరు లాంటిదే.

మరి పిల్లల పని ఎక్కడ దాచాలి? ఒక్కొక్కరికీ ఒక చిన్న పెన్‌డ్రైవ్ ఇవ్వు, పేరు రాసి దారం కట్టి. అదే వాళ్ళ బి డ్రైవు. ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నా వాళ్ళ పని వాళ్ళ వెంటే ఉంటుంది. తీసేముందు ఇజెక్ట్ నొక్కటం మొదటిరోజే నేర్పు. వారానికోసారి అన్నిటినీ నీ సొంత కంప్యూటర్‌లోకి బ్యాకప్ తీసుకో. ఈ పని మాత్రం వాయిదా వేయకు.

ఎందుకంత గట్టిగా చెబుతున్నానంటే నేను దెబ్బ తిన్నాను. రాస్ప్‌బెర్రీ పై తెలుసుగా, 2012లో వచ్చిన చిన్న బోర్డు. కార్డు మారిస్తే కంప్యూటరే మారిపోతుందని ముచ్చటపడి ఒకటి తెచ్చుకుని, నా లెక్కలన్నీ సిస్టం ఉన్న ఎస్‌డీ కార్డులోనే పెట్టాను. విడిగా పెట్టాలని తెలిసీ బద్ధకించాను. ఒక సాయంత్రం ఏదో సేవ్ అవుతుండగా కరెంటు పోయింది. తిరిగి వచ్చాక కార్డు బూట్ అవలేదు, వేరే కంప్యూటర్‌లో పెట్టినా తెరుచుకోలేదు. మూడు నెలల లెక్కలు పోయాయి. ఫ్లాష్ మెమరీలో రాయటం మనం అనుకున్నంత సూటిగా జరగదు. పెద్ద పెద్ద దిమ్మలుగా చెరిపి, ఉన్న సరుకుని అటూ ఇటూ సర్ది మళ్ళీ రాస్తుంది. ఆ సర్దుడు మధ్యలో కరెంటు పోతే, మనం ముట్టుకోని ఫైళ్ళు కూడా పాడవచ్చు. చదవటమే తప్ప రాయటం లేని కార్డుకి ఈ గండం చాలా తక్కువ.

ఎస్‌డీ కార్డు పక్కన ఉండే చిన్న లాక్ మీటని మాత్రం నమ్ముకోకు. అది కార్డు లోపలి చిప్‌కి ఏమీ చెప్పదు. రీడర్ దాన్ని చూసి సరే రాయను అనుకుంటేనే ఆగుతుంది. మైక్రో ఎస్‌డీకి ఆ మీట కూడా లేదు.

డ్రైవులు కొన్నాక ఒక్కోదాన్నీ ఎఫ్‌3 అనే టూల్‌తో (ఇది కీ కాదు, ప్రోగ్రాం) పరీక్షించు. 64 జీబీ అని చూపిస్తూ లోపల 8 మాత్రమే ఉన్న దొంగ సరుకు చాలా తిరుగుతోంది, నిండేదాకా బయటపడదు. సిస్టం డ్రైవ్ యూఎస్‌బీ 3 ది తీసుకో. మామూలు యూఎస్‌బీ సాకెట్‌ని 1500 సార్లు గుచ్చి తీయటాన్ని లెక్కలో పెట్టుకుని చేస్తారు, పిల్లలు రోజూ గుచ్చే చోట చిన్న ఎక్స్‌టెన్షన్ వైరు పెట్టావంటే అరిగేది ఆ వైరే.

ఈ పద్ధతి అన్నిటికీ పనికిరాదు. వీడియో ఎడిటింగ్ లాంటి బరువు పనులకి హార్డ్ డిస్కే కావాలి. ఇంకో సంగతి, మారని సిస్టం అంటే అప్‌డేట్ కాని సిస్టం కూడా. బ్రౌజర్ పాతబడితే ప్రమాదం, అందుకని మూడు నెలలకోసారి కొత్త ఐఎస్‌ఓ దించి వేరే డ్రైవుమీద రాయి. పాతదాన్ని చెరపకు. కొత్తది ఏదైనా కంప్యూటర్‌లో మొరాయిస్తే పాతది గుచ్చి ఆ రోజు గడిపేయొచ్చు. రెండు డ్రైవులమీదా తేదీ రాయి.

ముందు ఒక్క కంప్యూటర్‌తో మొదలుపెట్టు, అన్నిట్లోకీ మరీ పాతదానితో. డిస్కు విప్పేముందు అందులో పిల్లల ఫైళ్ళేమైనా ఉంటే తీసి పెట్టు. నాలుగింటికీ ఏ కీతో బూట్ మెనూ వచ్చిందో, దేనికి సెక్యూర్ బూట్ ఆపాల్సి వచ్చిందో రాసి పంపు. నా దగ్గర ఇలాంటివి రాసుకునే పుస్తకం ఉంది, అందులో ఎక్కిస్తాను.

ఇట్లు,
మీ పెదనాన్న