తోచింది మాట్లాడుకుంటారని రాసిన యువ రచయితకు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన ప్రేమకథా సినిమా స్క్రిప్టును ఫోనులో చదవలేక, నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర ప్రింటు తీయించుకొని, ఎర్ర పెన్నుతో కూర్చున్నాను. 42 పేజీల్లో ‘ఇక్కడ ఇద్దరూ తమకు తోచింది మాట్లాడుకుంటారు’ అన్న వాక్యం 11 చోట్ల కనిపించింది. మొదటి మూడు చోట్ల ఊరుకున్నాను. నాలుగో చోటికి వచ్చేసరికి కోపం ఆగలేదు; ఈ ఉత్తరం ఆ కోపంతోనే మొదలైంది. ఏ కెమెరా కొనాలో, ఏ పోటీకి పంపాలో కూడా అడిగావు. అవి నాకు చేతకాని సంగతులు.

చేతిలో డబ్బు లేక, రాసిన మాటలూ లేక అమెరికాలో కొందరు తీసిన ప్రేమకథలంటే నీకు మోజన్నావు. నాకూ మోజే. సొంత బట్టలతోనే వచ్చినట్టున్న ఇద్దరు మనుషులు ఒకరి మాటకు ఒకరు అడ్డం పడుతూ, సగంలో ఆగుతూ మాట్లాడుకుంటుంటే, తరువాత తమ నోట ఏ మాట వస్తుందో వాళ్లకే తెలియదని మనకు అర్థమవుతుంది. ప్రేమలో పడ్డవాళ్ల అవస్థ కూడా అదే కాబట్టి కళ్లప్పగించి చూస్తాం. 2005లో ఒక సౌండ్ ఎడిటర్ వేళాకోళంగా అన్న ‘మంబుల్‌కోర్’, అంటే గొణుగుడు బాపతు, అన్న మాటే ఆ సినిమాలకు పేరై నిలిచింది. అయితే ఆ గొణుగుడు వెనక ఎంత కట్టుదిట్టం ఉందో చూడు. 2013లో వచ్చిన ‘డ్రింకింగ్ బడ్డీస్’కు దర్శకుడు జో స్వాన్‌బర్గ్ సంభాషణలు రాసి ఇవ్వలేదు, కానీ షికాగోలో బీరు తయారుచేసే చోట కలిసి పనిచేసే ఆ ఇద్దరికీ చెరొక జోడీ ముందే ఉందన్న ముడి మాత్రం గట్టిగా వేసి పెట్టాడు. ఆ ముడి విప్పనంతసేపు వాళ్లు బీరు గురించి మాట్లాడినా అది ప్రేమ మాటే అవుతుంది. దర్శకురాలు లిన్ షెల్టన్ ‘యువర్ సిస్టర్స్ సిస్టర్’ చిత్రీకరణను 12 రోజుల్లో ముగించింది: దీవిలో ఒక ఇల్లు, ముగ్గురు మనుషులు, దాచిపెట్టాల్సిన ఒక రాత్రి. దాచుకోవలసింది ఉన్న మనిషికే మాటలు వాటంతట అవి పుడతాయి. నీ ఇద్దరికీ దాచుకునేందుకు ఏమీ లేదు, అందుకే వాళ్లకు ఏమీ తోచదు.

ఇది బయటివాళ్ల దగ్గర నేర్చుకోవలసిన విద్య కూడా కాదు. నా చిన్నతనంలో మా ఊరి బొడ్రాయి దగ్గర చిందు భాగోతం ఆడుతుండగా, నడి కథలో పెట్రోమాక్స్ లైటు ఆరిపోయి చిమ్మచీకటైంది. హాస్యగాడు ఆ చీకట్లోనే పటేలు మీసం మీద, ముందు కూర్చొని నిద్రపోతున్న ముసలమ్మ గురక మీద మాటలల్లి నవ్వించి, లైటు వెలిగే వేళకు కథను సరిగ్గా రాజకుమార్తె అలిగిన చోటికే తెచ్చి నిలబెట్టాడు. ఆమె ఎందుకు అలిగిందో అతనికి తెలుసు కనుకనే అంత దూరం పోయి రాగలిగాడు.

మనుషులు మాట్లాడినట్టు రాయబోయి నేను దెబ్బ తిన్నాను. ముప్పై ఏళ్ల కింద ఒక వారపత్రికకు పంపిన కథలో, పెళ్లిచూపుల్లో కూర్చున్న అమ్మాయి ‘ఏమో, మీరే చెప్పుండ్రి’ అని ఆగి, మళ్లీ ‘ఏమో’ అంటుంది. సంపాదకుడు రెండో ‘ఏమో’ను కొట్టేసి, మొదటిదాన్ని ‘నాకు తెలియదండీ’ అని దిద్ది అచ్చువేశాడు. ఆమె ఒప్పుకున్నది ఆ రెండో ‘ఏమో’లోనే అని ఆయనకు ఎట్లా చెప్పాలి? ఇప్పుడు గాలి మారి, మొన్న ఒక నిర్మాత ‘నల్లగొండ యాస కొంచెం దట్టించండి సార్’ అని ఫోను చేశాడు, పులిహోరలో ఇంగువ వేయమన్నట్టు. ఇద్దరిదీ ఒకే చెవుడు.

నీ స్క్రిప్టులో నాచేత మళ్లీ చదివించింది బస్సు దృశ్యం ఒక్కటే. హాలియా మీదుగా పోయే పల్లెవెలుగులో కండక్టర్ ఇద్దరి టికెట్ల వెనక బాకీ రాసి, సాగర్‌లో దిగేటప్పుడు చిల్లర లేదని ఇద్దరికీ కలిపి ఒకే 100 నోటు చేతిలో పెట్టి పోతాడు. అమ్మాయికి 60, అబ్బాయికి 40. ముక్కూమొహం తెలియని ఇద్దరు ఒక నోటుతో నిలబడ్డారు. డబ్బు లేని సినిమాకు ఇంతకంటే ఏం కావాలి? కానీ 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగులో మన తెలంగాణ ఆడపిల్లలకు టికెట్ డబ్బులు లేవన్న సంగతి మరిచావు. ఆమె చేతిలో ఉండేది జీరో టికెట్ అయితే కండక్టర్ ఎక్కడి చిల్లర బాకీ పడతాడు? ఆ తప్పులోనే నీకు కథ దొరుకుతుంది. ఆమె ఆధార్ కార్డులో మాచర్ల చిరునామా ఉందనుకో. కృష్ణ అవతలి ఆంధ్ర పిల్ల కాబట్టి టికెట్ కొనాల్సిందే. తక్కిన ఆడవాళ్లంతా కార్డు చూపితే తానొక్కతే పర్సు తీసింది. పక్క సీటువాడు అది చూశాడు. ఇక అతను ‘మీదే ఊరు’ అని అడగక తప్పదు, ఆమె చెప్పకుండా తప్పించుకోక తప్పదు. అక్కడ నువ్వు ఒక్క మాటా రాయకు, నటులనే మాట్లాడనీ.

తోచి అన్న మాట రెండోసారి అట్లనే రాదు. కాబట్టి ముందు అతని ముఖం, తరువాత ఆమె ముఖం అని విడివిడిగా తీస్తే ముక్కలు అతకవు. రెండు కెమెరాలైనా పెట్టు, ఇద్దరినీ ఒకే ఫ్రేములో ఉంచి షాటునైనా సాగనీ. శబ్దం అక్కడికక్కడే పట్టు. ఒకరి మీద ఒకరు పడ్డ మాటలు డబ్బింగు గదిలో మళ్లీ దొరకవు.

ఆ 60 రూపాయలు ఫోన్‌పే చేస్తానని మీ తరం కుర్రాడు అనకుండా ఉండడు. అంటే ఆమె నంబరు చెప్పాలి. చెబుతుందా, 60 వదులుకొని మాచర్ల బస్సు ఎక్కుతుందా అన్నది నువ్వు తేల్చుకొని, ఆ 11 వాక్యాలూ కొట్టేసి మళ్లీ పంపు. ఈసారి అక్షరాలు కాస్త పెద్దవిగా పెట్టు.