ఆ రోజు మీవాడికి జ్వరం లేదు

"మేడమ్, మేం డాలస్ పక్కన ఉంటాం. మావాడికి పదిహేనేళ్ళు. స్కూల్ బ్యాండ్‌లో ఒక బ్లాక్ అబ్బాయితో స్నేహం కుదిరింది. ఆ పిల్లాడు రెండుసార్లు మా ఇంటికి వచ్చాడు. మా అత్తగారు చీరాల నుంచి ఆరు నెలలకు వచ్చి ఉన్నారు. ఆ అబ్బాయి వచ్చిన రోజు గాజులు తీసి బియ్యం డబ్బాలో దాచారు. 'వీళ్ళు స్టువర్టుపురం బాపతు. వాడు చేతులు రెండూ మోకాళ్ళ మీద పెట్టుకుని బిక్కుబిక్కుమంటూ చూస్తున్నాడు, ఏదో ఉంది' అంటారు. మావారు మంచివారే, ఈ విషయంలో మాత్రం మొండి. 'వాళ్ళకి చట్టమంటే లెక్కలేదు' అంటారు. ఎమ్మెస్ చేసే రోజుల్లో గ్యాస్ స్టేషన్‌లో రాత్రి డ్యూటీలో ఉండగా ఇద్దరు కుర్రాళ్ళు తుపాకీ పెట్టి క్యాష్ పట్టుకుపోయారట. వీసా లేని పని కాబట్టి పోలీసులకు చెప్పలేదు. పోయిన డబ్బు ఓనర్ జీతంలో కోసుకున్నాడు. ఆయనా మనవాడే. ఇదంతా మావాడికి తెలియదు. పోయిన నెల ఆ అబ్బాయి పుట్టినరోజుకి రాత్రి వాళ్ళింట్లో ఉండమని పిలిచారు. మావారు వద్దన్నారు. మావాడికి జ్వరమని ఆ తల్లికి నేనే మెసేజ్ పెట్టాను. అది వాడు చూశాడు. అప్పటి నుంచి నాతో మాటల్లేవు. ఒక్కసారి మాత్రం, 'చీకట్లో నన్ను చూస్తే నాన్న ఏమనుకుంటారు?' అన్నాడు. వాడు మా ఇంట్లో అందరికంటే నలుపు. వాణ్ణి నొప్పించకుండా ఈ స్నేహం మాన్పించడం ఎలా? వేరే స్కూల్ డిస్ట్రిక్ట్‌లో ఇల్లు చూసుకుంటే మంచిదా?" (ఉత్తరం కుదించాను.)

ఇల్లు మారొద్దు. ఎక్కడికి వెళ్ళినా అక్కడా ఒక బ్యాండ్ ఉంటుంది, అందులోనూ పిల్లలుంటారు. స్నేహం మాన్పించే ఉపాయం నా దగ్గర లేదు, ఉన్నా చెప్పేదాన్ని కాదు. మీరడిగిన వాటికి జవాబు అయిపోయింది.

మీరు అడగనిది ఒకటుంది. మూడు పేజీల ఉత్తరంలో పేజీన్నర అత్తగారికే పోయింది. అమ్మా, అత్తగారి మీద పెట్టి రాయడం మనందరికీ చేతనైన పనే. నేనూ చాలాకాలం చేశాను. ఆవిడ టికెట్ తేదీకి విమానం ఎక్కేస్తారు. ఇంట్లో మిగిలేది మీవారూ మీవాడూ. వాళ్ళిద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఒక్క మాట మాట్లాడుకున్నట్టు ఈ మూడు పేజీల్లో ఎక్కడా లేదు. 'నాన్న వద్దన్నారు' అని కొడుక్కి మీరు చెబుతారు. 'వాడు ముభావంగా ఉన్నాడు' అని ఆయనకీ మీరే చెబుతారు. ఆఖరికి జ్వరం కూడా మీరే తెచ్చిపెట్టారు. ఆయన 'వద్దు' అన్నాక ఆ 'వద్దు'ని తీసుకెళ్ళి అవతలి తల్లికి చెప్పే బాధ ఆయనకి లేదు. ఎందుకు వద్దన్నారో కొడుక్కి చెప్పే అవసరమూ లేదు. మీరు పోస్ట్‌మ్యాన్ పని మానేసిన రోజున ఆ రెండూ ఆయన మీద పడతాయి. పడాలి కూడా.

ఆ గ్యాస్ స్టేషన్ రాత్రి గురించి మీరు రాసింది నాలుగు ముక్కలు. నేను మాత్రం దాన్ని మళ్ళీ మళ్ళీ చదివాను. చదువుకోడానికి వెళ్ళిన పిల్లలు వీసా ఒప్పుకోదని తెలిసీ గ్యాస్ స్టేషన్లలో, స్టోర్లలో గంటల లెక్కన నిలబడతారని ఇక్కడి తల్లిదండ్రులకు తెలుసు. తెలిసీ ఊరుకుంటారు, అప్పు అలాంటిది. నా మేనల్లుడూ చేశాడు. అలా కౌంటర్ వెనక ప్రాణం పోయిన పిల్లలున్నారు, శంషాబాద్‌లో శవపేటిక కోసం ఎదురుచూసిన తండ్రులున్నారు. కాబట్టి మీవారి భయం ఉత్తుత్తిదని నేను అనను. పాతికేళ్ళు కూడా నిండకుండా తుపాకీ గొట్టంలోకి చూసిన మనిషి ఆయన. ఆ రాత్రి గదికి వచ్చి ఎవరితో చెప్పుకున్నారో, అసలు చెప్పుకున్నారో లేదో.

అయితే లెక్క మాత్రం సరిగ్గా వేయమనండి. తుపాకీ పెట్టినవాళ్ళు ఇద్దరు. ఆ డబ్బు ఈయన జీతంలోంచి కోసింది ఒకడు. ఆ ఓనర్ చేసిన పనికి రేపు మీ ఇంటికి భోజనానికొచ్చే తెలుగాయన్ని చూసి మీరు గాజులు దాచరు. 'వాడు వెధవ' అని ఒక్కణ్ణి తిట్టుకుని ఊరుకున్నారు. ఆ కుర్రాళ్ళ పాపం మాత్రం అప్పటికింకా పుట్టని, ఇప్పుడు మీవాడి పక్కన కూర్చుని ట్రంపెట్టో ఏదో ఊదుకుంటున్న పిల్లాడికి చుట్టారు. ఇక చట్టం సంగతి. ఆ రాత్రి కౌంటర్‌కి అటువైపు ఉన్నవాళ్ళే కాదు, ఇటువైపు ఉన్నాయన కూడా చట్టం దాటే నిలబడ్డారు. రెండూ ఒకటి కావు, నాకు తెలుసు. కానీ కొడుకుతో ఇన్నేళ్ళూ ఆ కథ ఎందుకు చెప్పలేదంటే, భయపడ్డానని చెప్పడానికి కాదు, పోలీసుకు ఫోన్ చేయలేకపోయానని చెప్పడానికి సిగ్గనిపించి ఉంటుంది. నా అనుమానం అది.

అత్తగారి స్టువర్టుపురం మాట ఒక్కటి వదిలిపెట్టలేను. ఆ లైన్లో రైలెక్కి ఆ స్టేషన్ వస్తోందంటే పెట్టెలు కాళ్ళ కిందకి లాక్కున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. మా అమ్మ చెప్పింది, లాక్కున్నాను. ఎందుకని అడగలేదు. పెద్దయ్యాక చదువుకుంటే తెలిసింది. 1871లో బ్రిటిష్‌వాళ్ళు ఒక చట్టం చేసి కొన్ని కులాలవాళ్ళు పుట్టుకతోనే నేరస్థులని కాగితం మీద రాసేశారు. ఎరుకలవాళ్ళను తెచ్చి స్టువర్టుపురం సెటిల్‌మెంట్‌లో పెట్టి, 1913 నుంచి సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థకి అప్పజెప్పారు. హాజరు పలకాలి, అనుమతి లేకుండా ఊరు దాటకూడదు. పాలు తాగే పిల్లకీ అదే ముద్ర. ఆ చట్టం 1952లో పోయింది. మా అమ్మ నా చేత పెట్టె లాగించింది అది పోయిన చాలా ఏళ్ళకి. ఊరి పేరు అడిగితే బాపట్ల అని చెప్పి తప్పించుకున్న చదువుకున్న పిల్లలు అక్కడ ఎంతమందో. అత్తగారు పోలిక సరిగ్గానే చెప్పారు, ఆవిడ అనుకున్న అర్థంలో కాదు.

అమెరికాలోనూ ఇదే తంతు జరిగింది. 1995 ప్రాంతంలో అక్కడ ఒక ప్రొఫెసర్ దయాదాక్షిణ్యాలు లేని కుర్రాళ్ళ తరం ఒకటి వచ్చి మీద పడబోతోందని రాశాడు, దానికి 'సూపర్ ప్రెడేటర్' అని పేరు కూడా పెట్టాడు. టీవీలన్నీ నల్ల కుర్రాళ్ళ మొహాలు చూపించాయి. పిల్లల నేరాలు పెరగలేదు, తగ్గాయి. తన అంచనా తప్పని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు. మొహాల మీద పడ్డ ముద్ర మాత్రం ఆయనతో పాటు వెనక్కి పోలేదు.

ఇప్పుడు మోకాళ్ళ మీద చేతుల సంగతి. అత్తగారికి అనుమానం కలిగించిన ఆ చేతుల్ని అలా పెట్టుకోమని నేర్పింది ఆ పిల్లాడి తల్లే అయివుంటుంది. అక్కడి నల్లజాతి తల్లులు పిల్లలకి, ముఖ్యంగా మగపిల్లలకి, కూర్చోబెట్టి చెప్పే పాఠం ఒకటుంది. షాపులో జేబులో చెయ్యి పెట్టకు. కొన్నదానికి రసీదు పారేయకు. పోలీసు ఆపితే చేతులు కనపడేలా ఉంచు, ఎదురు చెప్పకు, ఇంటికి ప్రాణాలతో రా. మనం పిల్లల్ని ఎవరి నుంచి జాగ్రత్తగా ఉండమని చెబుతున్నామో, ఆ పిల్లల తల్లులు మనలాంటి వాళ్ళ దగ్గర జాగ్రత్తగా ఉండమని చెబుతున్నారు. ఆ పిల్లాడు మీ సోఫా అంచున ఆ పాఠమే అప్పజెప్పాడు.

ఆ పాఠం మీవాడికీ అవసరమే. 2015 ఫిబ్రవరిలో అలబామాలో మనవణ్ణి చూసుకోడానికి గుజరాత్ నుంచి వచ్చిన 57 ఏళ్ళ తాతగారు పొద్దున్నే కొడుకు ఇంటి వీధిలోనే నడుస్తుంటే, ఎవరో నల్లవాడు తిరుగుతున్నాడని పక్కింటివాళ్ళు పోలీసులకు ఫోన్ చేశారు. ఆయనకి ఇంగ్లీష్ రాదు. పోలీసు ఆయన్ని నేలకేసి కొట్టాడు. మెడ దెబ్బతిని ఒంట్లో చాలాభాగం చచ్చుబడింది. ఆ పోలీసుకు శిక్ష పడలేదు. ఫోన్ చేసినవాళ్ళు రంగు చూశారు, పాస్‌పోర్ట్ చూడలేదు. 'ఎండలో తిరక్కురా, నల్లబడతావు' అని చిన్నప్పటి నుంచీ విన్న పిల్లాడు మీవాడు. ఇంట్లో నల్లోళ్ళు, నల్లోళ్ళు అన్న ప్రతిసారీ ఆ మాట ఎవరి మీద పడిందో మీకు తట్టలేదు, వాడికి తట్టింది. 'చీకట్లో నన్ను చూస్తే' అన్న ప్రశ్న వాడు మిమ్మల్ని అడగలేదమ్మా. నాన్నని అడిగాడు. మీరు ఆ ఉత్తరం కూడా చేర్చకుండా నాకు పోస్ట్ చేశారు.

కాబట్టి చేర్చండి. ఆదివారం వాళ్ళిద్దర్నీ కారులో కూరలకో దేనికో పంపించండి, మీరు వెళ్ళకండి. వాడు ఏమన్నాడో ముందురోజు రాత్రి మీవారికి అక్షరం పొల్లుపోకుండా చెప్పండి. గ్యాస్ స్టేషన్ కథ మొత్తం, ఓనరూ జీతమూ పోలీసుకు చేయని ఫోనూ అన్నీ, ఆయనే వాడికి చెప్పుకోవాలి. మీరు ముందుగా ఊది పెట్టొద్దు. వాడు కోప్పడతాడు, పడనివ్వండి. జాతి వివక్ష మీద ఉపన్యాసం మాత్రం వద్దు, ఆ సబ్జెక్ట్ వాడికి మీ ఇద్దరికంటే బాగా వచ్చు.

రాత్రి వేరే ఇంట్లో ఉండటానికి జాగ్రత్తలు అడగండి, తప్పకుండా. పెద్దవాళ్ళెవరుంటారు? ఇంట్లో తుపాకీ ఉందా? ఉంటే తాళంలో ఉందా? 2020 నుంచి ఆ దేశంలో పిల్లలూ టీనేజర్లూ అన్నిటికంటే ఎక్కువగా చనిపోతున్నది తుపాకీ వల్లే. మీరుండేది టెక్సస్. ఆ ప్రశ్న తెల్లవాళ్ళ ఇంటికీ, మన గుంటూరువాళ్ళ ఇంటికీ కూడా వేసేటట్టయితేనే ఆ అబ్బాయి తల్లికి వేయండి. ఇప్పటివరకు ఎవరింటికి పంపినప్పుడైనా అడిగారా?

ఆవిడకి ఇంకో మెసేజ్ బాకీ ఉన్నారు. ఆ రోజు మీవాడికి జ్వరం లేదని. మీవారు రాస్తే మరీ మంచిది. అత్తగారి టికెట్ లోపల ఆ అబ్బాయిని భోజనానికి పిలవండి. గాజులు బియ్యం డబ్బాలో ఉంటే ఉండనీండి, అన్నం మాత్రం ఆవిణ్ణే వడ్డించమనండి.