పాత మఫిల్ ఫర్నేస్‌లోనే 200 డిగ్రీల టెంపరింగ్ చేయొచ్చా?

హార్డెనింగ్ (ఉక్కును గట్టిపరచడం) చేసే మఫిల్ ఫర్నేస్‌లోనే 200 డిగ్రీల టెంపరింగ్ (గట్టిపడ్డ ఉక్కు పెళుసుదనం తగ్గించడానికి తక్కువ వేడిలో మళ్ళీ కాల్చడం) చేస్తుంటే ఒక్కో జాబ్‌కు, అంటే లోపల పెట్టిన ఒక్కో ముక్కకు, ఒక్కో హార్డ్‌నెస్ వస్తోంది, టెంపరేచర్ కంట్రోలర్ మార్చాలా అని అడిగారు. కంట్రోలర్ మీద డబ్బు పెట్టకండి. ముందు లోపల గాలి తిరగాలి, దానికి ఫ్యాన్ కావాలి.

బాలానగర్‌లో ఒక చిన్న హీట్ ట్రీట్‌మెంట్ షాపులో పనిచేసేటప్పుడు నాకూ ఇదే జరిగింది. ఈఎన్ 31 అనే బేరింగ్ స్టీల్ పిన్నులు, కావాల్సింది 59 నుంచి 61 హెచ్‌ఆర్‌సీ (రాక్‌వెల్ హార్డ్‌నెస్ కొలత). డిస్‌ప్లే మీద 200 కదలకుండా నిలబడింది. తలుపు తీస్తే బాస్కెట్‌లో పై వరుస గోధుమరంగు తిరిగి ఉంది, అడుగు వరుస తెల్లగా అలాగే ఉంది. కొలిస్తే పైన 57, కింద 63. కిందవాటికి మళ్ళీ టెంపరింగ్ చేస్తే సరిపోయింది కానీ, పైవన్నీ తిరిగి హార్డెనింగ్‌కి వెళ్ళాయి. ఆ వారమంతా టెన్షనే.

హార్డెనింగ్ చేసే 850 డిగ్రీల దగ్గర ఎర్రగా కాలిన గోడలే జాబ్‌ను వేడి చేస్తాయి. 200 దగ్గర ఆ రేడియేషన్ ముప్పయ్యో వంతు మాత్రమే. అక్కడ వేడిని మోసేది గాలే. గాలి కదలకపోతే వేడిది పైకి చేరుతుంది, చల్లనిది అడుగున ఉండిపోతుంది. థర్మోకపుల్ (వేడిని కొలిచే సెన్సర్) తానున్న చోటు సంగతే చెబుతుంది.

మేము ఫర్నేస్ పైకప్పులో ఫ్యాన్ దించి, మోటారు, బేరింగులు బయట పెట్టాం. హీటింగ్ కాయిల్స్‌కీ బాస్కెట్‌కీ మధ్య ఒక రేకు అడ్డం పెట్టాం. గాలి ఆ రేకు వెనక కాయిల్స్ మీదుగా దిగి, బాస్కెట్ అడుగు నుంచి జాబ్స్ మధ్యగా పైకి వెళ్ళాలి. అందుకే బాస్కెట్ చిల్లులది ఉండాలి, జాబ్స్‌ను కుక్కకూడదు. రేకు లేకపోతే అంచున ఉన్న జాబ్స్ కాయిల్ వేడికి నేరుగా మాడతాయి.

మఫిల్ ఇటుక గోడ ఇంకో తలనొప్పి. కాయిల్స్ ఆగినా ఇటుకల్లోని వేడి బయటికి వస్తూనే ఉంటుంది, సెట్ పాయింట్ దాటిపోతుంది. కొత్తగా కట్టించుకుంటే రాక్‌వూల్ (వేడిని ఆపే రాతి నార) చాలు, ఇటుక వద్దు.

ఫ్యాన్ ఆగితే కాయిల్స్‌కు కరెంటు కట్ అయ్యే ఇంటర్‌లాక్ తప్పకుండా పెట్టించండి.

ఆ తర్వాత ఎనిమిది మూలలా, నడుమ ఒకటి, మొత్తం 9 థర్మోకపుల్స్ కట్టి చూడండి. ఖాళీ ఫర్నేస్‌లో చూసి ఆగిపోకండి, మీరు రోజూ పెట్టేంత లోడ్‌తో చూడండి. సోకింగ్ టైము (జాబ్‌ను ఆ వేడిలో ఉంచాల్సిన సమయం) కూడా డిస్‌ప్లే 200 చూపినప్పటి నుంచి లెక్కపెట్టకండి. బాస్కెట్ నడుమ ఉన్న జాబ్ 200కి చేరాకే లెక్క మొదలు.