అత్తమామలకు న్యూ మెక్సికో చికెన్ స్టూ: గరం మసాలా వేయవచ్చా?

ఇండియా నుంచి వచ్చిన అత్తమామలతో కలిపి ఎనిమిది మందికి అమెరికా నైరుతి ప్రాంతపు కారం చికెన్ స్టూ వండాలనుకుంటున్నారు. చప్పగా ఉంటుందేమో, గరం మసాలా వేయవచ్చా అని అడిగారు. దయచేసి వేయకండి. న్యూ మెక్సికోలోని అల్బుకర్కీ నగరంలో కాపురం పెట్టిన కొత్తలో నేను వేసి చూశాను. లవంగం, దాల్చినచెక్క కలిసి కాల్చిన మిరపకాయ వాసనను పూర్తిగా మింగేశాయి.

ఈ వంటకు ప్రాణం ఆ వాసనే. ఇక్కడ ఆగస్టు చివరికల్లా హాచ్ లోయ పచ్చిమిరప పంట దిగుతుంది. దుకాణాల ముందు ఇనుప జాలీ పీపాల్లో పోసి, గ్యాస్ మంట మీద గిరగిరా తిప్పుతూ కాలుస్తారు. పచ్చడికి వంకాయ కాల్చినప్పుడు ఇల్లంతా అలుముకునే వాసన ఉంటుంది కదా, దానికి కాస్త ఘాటు జోడిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

పదిహేను పొడుగు కాయలు తీసుకోండి. స్టవ్ మంట మీద నేరుగా పెట్టి, తొక్క బొబ్బలెక్కి నల్లబడేదాకా అన్ని వైపులా తిప్పండి. వేడి తగ్గకముందే గిన్నెలో వేసి పదిహేను నిమిషాలు మూత పెట్టండి. లోపలి ఆవిరికి తొక్క వదులై, వేళ్లతో లాగితే పల్చటి పొరలా వచ్చేస్తుంది. కుళాయి కింద మాత్రం కడగకండి, పొగ రుచి ఉన్న రసమంతా నీళ్లపాలవుతుంది. అక్కడక్కడా నల్లటి తొక్క మిగిలినా నష్టం లేదు. చేతులకు గ్లవ్స్ తప్పనిసరి.

కారం కాయ రకాన్ని బట్టి ఉంటుంది. బిగ్ జిమ్ కాస్త నెమ్మది, శాండియా ఘాటు. నేను రెండూ సగం సగం వేస్తాను. పెద్దవాళ్లకు ఇంకా కావాలంటే రెండు సెరానో కాయలు కూడా కాల్చి కలపండి. ఎండుకారం జోలికి పోవద్దు, రంగూ రుచీ రెండూ మారిపోతాయి.

మిగతాది తేలిక. ఎముకతో ఉన్న కిలోన్నర తొడ ముక్కలను నూనెలో ఎర్రగా వేయించి పక్కన పెట్టండి. అదే గిన్నెలో రెండు పెద్ద ఉల్లిపాయలు, ఎనిమిది వెల్లుల్లి రెబ్బలు, ఒకటిన్నర చెంచా జీలకర్ర పొడి, అరచేతుల్లో నలిపిన మెక్సికన్ ఒరెగానో (ఘాటైన వాసన ఉండే ఎండు ఆకు) ఒక చెంచా వేసి వేయించండి. తరిగిన మిరపకాయలు, చికెన్, ఏడు కప్పుల నీళ్లు చేర్చి సన్నని మంట మీద నలభై నిమిషాలు ఉడకనివ్వండి. ముక్కలు తీసి ఎముకలు వేరుచేసేలోగా నాలుగు బంగాళాదుంపలు కోసి అందులో ఉడికించండి. నాలుగైదు దుంప ముక్కలు గరిటెతో మెదిపితే పులుసు చిక్కబడుతుంది, మైదా అక్కర్లేదు. చికెన్ మళ్లీ వేసి, ఉప్పు సరిచూసి, దించాక నిమ్మరసం, కొత్తిమీర చేర్చండి.

వీలైతే ముందు రోజే వండి పెట్టుకోండి, మర్నాటికి రుచి బాగా పడుతుంది. మేము చపాతీల్లాంటి గోధుమ టోర్టియాలతో తింటాం. మా మామగారు మాత్రం వేడి అన్నంలో కలుపుకుని రెండోసారి కూడా వడ్డించుకున్నారు. పిల్లలకు కారమనిపిస్తే పైన ఒక చెంచా గట్టి పెరుగు వేయండి.

పీపా దగ్గర కాల్చించిన కాయలు ఎక్కువ కొంటే తొక్కతోనే సంచుల్లో కట్టి ఫ్రీజర్‌లో పెట్టండి. కరిగాక తొక్క ఇంకా తేలిగ్గా ఊడుతుంది.