మంచు కరిగితే గ్లాసు పొంగుతుందా: పిల్లలకు జవాబు చెప్పాలా, సూచన ఇవ్వాలా?

అంచుదాకా నీరున్న గ్లాసులో తేలే మంచుముక్క కరిగితే నీరు పొంగుతుందా అని తొమ్మిదో తరగతి విద్యార్థి అడిగినప్పుడు, పొంగదని వెంటనే చెప్పేస్తే అతనికి దక్కేది ఆ ఒక్క మాటే. అంతకంటే, తేలే వస్తువు ఎంత నీటిని తొలగిస్తుందని ఎదురు ప్రశ్న వేయడం మేలు. తన బరువుకు సమానమైన నీటినే అన్న ఆర్కిమెడిస్ సూత్రం గుర్తుకొచ్చాక, దాదాపు 92 గ్రాములు తూగే 100 ఘన సెంటీమీటర్ల మంచు కరిగితే ఎంత చోటు నింపుతుందో లెక్కకట్టమనాలి. జవాబు 92 ఘన సెంటీమీటర్లు, అంటే మంచు తొలగించిన నీటి చోటు అంతే. మిగిలి నీటిపైన కనిపించే 8 ఘన సెంటీమీటర్ల దగ్గరే చాలామంది తికమకపడతారు కాబట్టి అక్కడ తొందరపెట్టకూడదు. ఆ తర్వాత ఉప్పునీటి సంగతి అడగండి. ఉప్పునీటి సాంద్రత ఎక్కువైనందున మంచు దాన్ని తక్కువగానే తొలగిస్తుందని, అందుకే కరిగాక మట్టం కాస్త పెరుగుతుందని అతనే పట్టుకోగలడు. అయితే ఆ సూత్రమే తెలియని పిల్లవాడికి ఇవన్నీ పొడుపుకథల్లా తోస్తాయి. అప్పుడు దాన్ని ముందుగా నేరుగా చెప్పడమే సరైన పద్ధతి.