ఫోన్ ఎత్తకపోతే మనసు చెప్పే జవాబు

ప్రశ్న: మాది జగిత్యాల దగ్గర పల్లె. మా ఆయన దుబాయ్‌లో డ్రైవర్. ఫోన్ ఎత్తకపోతే ఎవరితోనో ఉన్నాడనిపిస్తుంది. వాట్సాప్‌లో ఆన్‌లైన్‌లో ఉన్నాడా అని మాటిమాటికీ చూస్తాను. ఈ మధ్య అత్తమ్మ, యారాలు మెల్లగా మాట్లాడుకున్నా నా దగ్గర ఏదో దాస్తున్నారనిపిస్తోంది.

జవాబు: అమ్మా, ఆయన తప్పు చేశాడని చూపే సంగతి మీ ఉత్తరంలో ఒక్కటీ లేదు. ఉన్నవన్నీ మీకు తెలియని సంగతులే. తెలియకపోవడాన్ని కొందరు గంటల తరబడి ఓర్చుకుంటారు. కొందరికి అది క్షణమైనా భరించరానిది, అందుకే మనసు చెడ్డ జవాబునైనా పట్టుకుంటుంది. ఈ ఓర్వలేనితనాన్ని కొలవడానికి కెనడా పరిశోధకులు 1994లో 27 అంశాల ప్రశ్నావళి తయారుచేశారు. అది అతిగా దిగులుపడేవారిని దృష్టిలో పెట్టుకుని చేసినది. అనుమానాలతో నలిగేవారిలోనూ ఇదే గుణం ఎక్కువని తర్వాత తేలింది.

ఆయన వైపు కాస్త చూడండి. మనకు రాత్రి పదైతే అక్కడ ఎనిమిదిన్నర. బండి నడుపుతూ ఫోన్ పట్టుకుంటే 800 దిర్హామ్‌ల జరిమానా, లైసెన్స్ మీద 4 బ్లాక్ పాయింట్లు (తప్పు చేసినందుకు పడే మార్కులు). డ్రైవర్ ఉద్యోగానికే ముప్పు.

ఫోన్ చూసిన ప్రతిసారీ కాసేపు ఊరట దొరుకుతుంది. ఆ ఊరటే మళ్లీ చూడమంటుంది. అందుకని ఒక్కసారిగా మానొద్దు, వాయిదా వేయండి. మొదటి వారం చూడాలనిపించాక 15 నిమిషాలు ఆగండి, రెండో వారం 30, ఆపైన గంట. గుండెదడ పెరిగి, దానంతటదే తగ్గుతుంది. చాలామంది ఇక్కడే తప్పుతారు: వాట్సాప్ మానేసి ఆయన రూమ్మేట్‌కు ఫోన్ చేస్తారు, లేదా ఒట్టు వేయించుకుంటారు. అదీ తనిఖీయే. మాట్లాడుకోవడానికి ఇద్దరికీ కుదిరే ఒక వేళ పెట్టుకోండి.

ఆగిన ఆ సమయంలో నోట్‌బుక్‌లో రాయండి: నేను చూసింది ఏమిటి, అనుకున్నది ఏమిటి, అది నిజమని ఎంత నమ్మకం (నూటికి ఎంత), ఇంకే కారణాలు ఉండొచ్చు. అసలు సంగతి తెలిశాక పక్కనే అదీ రాయండి. అత్తమ్మ విషయంలో మనసులో ఉంచుకోకుండా, ఫలానా రోజు ఏం మాట్లాడుకున్నారని మామూలుగా ఒక్కసారి అడగండి.

డబ్బు పంపడం ఆగిపోయినా, అబద్ధం బయటపడినా అది వేరే సంగతి, ఆయనతో సూటిగా మాట్లాడాలి. అలా కాక, ఏ రుజువు చూపినా అనుమానం కదలకపోయినా, ఎవరూ లేకుండా మాటలు వినిపించినా, రోజుల తరబడి నిద్ర పట్టకపోయినా మానసిక వైద్యులను కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైన్ టెలి మానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ నోట్‌బుక్ వెంట తీసుకెళ్లండి.