డల్లాస్‌లో ఒంటరిగా ఉంటున్న తమ్ముడికి: ఏ తుఫాను ఎంత టైమ్ ఇస్తుంది?

తమ్ముడూ, డల్లాస్ వచ్చి నెల తిరక్కుండానే తుఫాను హెచ్చరిక సైరన్ మోగిందని, ఏం చేయాలో తెలియక బాల్కనీలోకి వెళ్లి చూశానని రాశావు. ఇక్కడి తుఫానులకి భయపడాలా, అక్కర్లేదా అని అడిగావు. అది తుఫాను రకాన్ని బట్టి ఉంటుంది. నా టెన్షన్ మాత్రం వేరే. మూడో అంతస్తులో ఒక్కడివే ఉంటున్నానన్నావు, పక్కింటివాళ్ల పేరు కూడా తెలియదన్నావు.

హరికేన్, బంగాళాఖాతంలో పుట్టే తుఫాను ఒకే జాతివి. వెచ్చటి సముద్రమే వాటి బలం, నేల మీదికొచ్చాక నీరసపడతాయి. రోజుల ముందే తెలుస్తుంది కాబట్టి సర్దుకునే టైమ్ ఉంటుంది. మనవాళ్లు ఆ లెక్కే మనసులో పెట్టుకుని ఇక్కడికొస్తారు. డల్లాస్‌లో ఆ లెక్క పనికిరాదు.

ఏప్రిల్, మే నెలల్లో గల్ఫ్ ఆఫ్ మెక్సికో సముద్రం నుంచి తేమగాలి నేలబారుగా వస్తుంది. పడమటి నుంచి వెచ్చటి పొడిగాలి దాని మీదికెక్కి గిన్నె మీద మూతలా కూర్చుంటుంది. కింద ఎండకి కాగి కాగి సాయంత్రానికి ఆ మూత లేచిందంటే, అప్పటిదాకా నిర్మలంగా ఉన్న ఆకాశంలో గంటలోపే మేఘం పది మైళ్ల ఎత్తుకి పోతుంది. పై గాలి ఒక దిక్కుకీ, కింది గాలి ఇంకో దిక్కుకీ వీస్తుంటే పైకి లేచే గాలి మొత్తం మెలి తిరుగుతుంది. అదే సూపర్‌సెల్. పెద్ద వడగళ్లు, పెద్ద టోర్నడోలు (మేఘం నుంచి నేల దాకా దిగే సుడిగాలులు) ఎక్కువగా దీన్నుంచే వస్తాయి. ప్రతి సూపర్‌సెల్‌కీ టోర్నడో పుట్టదు కానీ, పుడితే నీ చేతిలో ఉండేది నిమిషాలే.

నేను వచ్చిన మొదటి వేసవిలో, నిద్ర చెడగొడుతున్నాయని ఫోన్‌లో అలర్ట్‌లు ఆపేశాను. ఒక సాయంత్రం వడగళ్లు పడ్డాయి. కాసేపటికి ఆగిపోయాయి, గాలి కూడా తగ్గింది. అయిపోయిందనుకుని కారు అద్దం పగిలిందేమో చూడ్డానికి కిందికి దిగాను. సూపర్‌సెల్ మామూలుగా నైరుతి నుంచి ఈశాన్యానికి కదులుతుంది. వానా వడగళ్లూ ముందు వస్తాయి, టోర్నడో పుట్టే చోటు చాలాసార్లు వాటి వెనకాల, నైరుతి మూలన ఉంటుంది. వడగళ్లు ఆగిన ఆ నిమిషాలే ప్రమాదమని నాకు చెప్పేవాళ్లు లేరు. కింది వాటాలో ఉండే పెద్దావిడ తలుపు తీసి, ఏమీ అడక్కుండా నా చొక్కా పట్టుకుని లోపలికి లాగింది. ఆవిడ, ఆవిడ కుక్క, నేను బాత్‌రూమ్‌లో దుప్పటి కప్పుకుని కూర్చున్నాం. టోర్నడో అవతలి వీధి మీదుగా పోయింది. అప్పటిదాకా ఆవిడకి నేను హలో కూడా చెప్పలేదు.

ఆ తర్వాత చాలా ఏళ్లు ఒక్కణ్ణే ఉండి నెట్టుకొచ్చాను, బాగానే నెట్టుకొచ్చాను. కానీ ఏ ఇల్లు మారినా మొదట చేసిన పని కింది వాటావాళ్ల నంబర్ తీసుకోవడం. కొత్తగా వచ్చినవాళ్లు యాప్ ఉంటే చాలనుకుంటారు. సైరన్ బయట ఉన్నవాళ్ల కోసం పెట్టింది, తలుపులేసుకుని నిద్రపోతే వినబడుతుందన్న నమ్మకం లేదు. 2015 డిసెంబర్ 26 రాత్రి డల్లాస్ పక్కనున్న గార్లండ్ మీద ఈఎఫ్-4 టోర్నడో పడింది (టోర్నడో బలాన్ని 0 నుంచి 5 దాకా కొలిచే ఈఎఫ్ స్కేల్లో 4). చనిపోయినవాళ్లలో ఎక్కువమంది హైవే మీద కార్లలో ఉన్నవాళ్లే. అందుకే చలికాలమని ధీమాగా ఉండకు, కారులోనో ఫ్లైఓవర్ కిందో దాక్కోకు.

టోర్నడో కాకుండా ఇంకోటుంది. ఉరుముల మేఘాలు వరసకట్టి వందల మైళ్లు సాగుతూ, తిరగని గాలితో నేరుగా కొట్టుకుంటూ పోతే దాన్ని డెరేచో అంటారు. 2024 మే 16న హ్యూస్టన్‌లో అదే వచ్చింది. గంటకి 100 మైళ్ల గాలికి డౌన్‌టౌన్ టవర్ల అద్దాలు రాలిపోయాయి, లక్షల ఇళ్లకి కరెంటు పోయింది, కొందరికి రోజుల తరబడి రాలేదు. ఫోన్ ఛార్జింగ్ అయిపోయి, చీకట్లో పలకరించే దిక్కులేకుండా కూర్చోవడం ఆ గాలి కన్నా కష్టం.

ఫోన్‌లో వచ్చే అలర్ట్‌లలో టోర్నడో వాచ్ అంటే అది పుట్టే పరిస్థితి ఉందని, వార్నింగ్ అంటే రాడార్‌లోనో కళ్లారానో కనబడిందని. మిగతా రూల్స్ నేషనల్ వెదర్ సర్వీస్ సైట్‌లో ఉన్నాయి, చదువుకో. ఇన్సూరెన్స్ సంగతి ఆఫీసులో ఎవరైనా చెప్తారు.

వార్నింగ్ వచ్చినప్పుడు ఇంటికి వీడియో కాల్ చేయకు. అమ్మానాన్నా అక్కడ కంగారు పడటం తప్ప చేయగలిగింది ఏమీ లేదు, నీ నిమిషాలు పోతాయి. అంతా సద్దుమణిగాక చెయ్యి.

ఈ శనివారం కిందికి దిగి గ్రౌండ్ ఫ్లోర్‌లో తలుపు తట్టు. నీ పేరు చెప్పు, వార్నింగ్ వస్తే మీ ఇంటికి రావచ్చా అని అడుగు. ఇక్కడివాళ్లు దీన్ని తప్పుగా అనుకోరు. ఎవరూ లేకపోతే అపార్ట్‌మెంట్ లీజింగ్ ఆఫీసులో అడుగు, కింద కిటికీలు లేని గది ఏదైనా ఉంటే చూపిస్తారు. అక్కడికి మెట్ల మీదుగా ఒకసారి నడిచి చూసుకో, కరెంటు పోతే లిఫ్ట్ పనిచేయదు.